సర్ఫ్ తరహా స్నోబోర్డులు

సముద్రపు కెరటం మీద జారే సర్ఫ్‌బోర్డు రూపురేఖలను, ఆ జారుడులోని ఒడుపును మంచువాలుకు తెచ్చిన పలకలను సర్ఫ్ తరహా స్నోబోర్డులు అంటారు. పైకి లేచిన వెడల్పాటి ముక్కు, అంతకంటే సన్నని తోక, పలక నడిమికి కాస్త వెనగ్గా పాదాలు నిలిపే చోటు వీటి ఆనవాళ్లు. తోక చేపతోకలా చీలి ఉండవచ్చు, గుండ్రంగా ఉండవచ్చు, నెలవంకలా లోపలికి కోసి ఉండవచ్చు. కొన్ని రకాలకు పాదాలను బిగించే బైండింగులే ఉండవు.

స్నోబోర్డింగ్ పుట్టిందే సర్ఫింగ్ కడుపున. అయినా 1980ల చివరి నుంచి చాలాకాలం ఆ పోలిక దుకాణాల్లో దాదాపు కనుమరుగైంది. రెండు కొసలూ ఒకేలా ఉండే పలకలే రాజ్యమేలాయి. 2000 తర్వాత పాత రూపాలు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. వాటి చరిత్ర, రకాలు, పనితీరు ఈ వ్యాసంలో ఉన్నాయి. మామూలు పలక ఉండగా ఇలాంటి వింత పలక మీద డబ్బు, సమయం పెట్టడం తగునా అన్న ప్రశ్న కూడా ఉంది. మంచు కురవని తెలుగు నేలకు ఈ విషయంతో పనిలేదని అనుకోనక్కర్లేదు. కెరటాన్ని దాటే విద్య ఉత్తరాంధ్ర మత్స్యకారులకు తరాలనాటిది. వారి తెప్ప కూడా గత నలభై ఏళ్లలో ఇదే ప్రశ్నను ఎదుర్కొంది (చూడండి: తెప్ప, తెలుగు తీరపు పోలిక).

నిర్మాణం, పరిభాష

స్నోబోర్డు నడుమ పాప్లర్, పౌలోనియా వంటి తేలికపాటి చెక్క ఉంటుంది. దానికి పైనా కిందా రెజిన్‌తో తడిపిన ఫైబర్‌గ్లాస్ పొరలు, అడుగున మైనం పీల్చుకునే నున్నని పాలిథిలీన్ రేకు, చుట్టూ సన్నని ఉక్కు అంచు. సర్ఫ్‌బోర్డుకూ ఫైబర్‌గ్లాస్, రెజిన్ పూతే. లోపల మాత్రం చెక్కకు బదులు నురుగు దిమ్మ ఉంటుంది, అంచుకు లోహం ఉండదు. నీటి మీది పలక బిగువుగా ఉంటే చాలు. మంచు పలక వంగాలి, వంగి తిరిగి లేవాలి.

రూపాన్ని వర్ణించడానికి అయిదారు మాటలు సరిపోతాయి. పలకను చదునైన నేలమీద పెట్టినప్పుడు నడుము పైకి వంపుతిరిగి ఉంటే అది కేంబర్. ముక్కూ తోకా పైకి లేచి నడుము నేలకు ఆనితే రాకర్. పక్కల నుంచి నడుము దగ్గర లోపలికి కోసిన వంపు సైడ్‌కట్. ముక్కు వెడల్పుకూ తోక వెడల్పుకూ ఉన్న తేడా టేపర్. సర్ఫ్ తరహా పలకల్లో ఇది సాధారణంగా 10 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, జంటకొసల పలకల్లో సున్నా. పాదాల స్థానం వెనక్కి జరగడం సెట్‌బ్యాక్. వీటన్నిటి మధ్యా బేరం నడుస్తూనే ఉంటుంది. ఒకటి పెంచితే మరోచోట ఏదో తగ్గుతుంది.

చరిత్ర

ఆరంభ ప్రయోగాలు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, హాడన్‌ఫీల్డ్‌లో 1963లో టామ్ సిమ్స్ అనే బడిపిల్లవాడు వడ్రంగం తరగతిలో మంచుమీద నిలబడి జారే చెక్క పలక ఒకటి చేసుకున్నాడు. స్కేట్‌బోర్డు పిచ్చి ఉన్న ఆ కుర్రవాడు పెద్దయ్యాక కాలిఫోర్నియాలో స్నోబోర్డు సంస్థ పెట్టాడు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ల ఆటకోసం రెండు స్కీలను పక్కపక్కన పెట్టి బిగించాడు. దానికి ఆయన భార్య నాన్సీ స్నర్ఫర్ అని పేరు పెట్టింది. మరుసటి ఏడు బ్రన్స్‌విక్ సంస్థ దాని తయారీకి దిగింది, ఆ తర్వాత అవి లక్షల్లో అమ్ముడయ్యాయి. స్నర్ఫర్‌కు ఉక్కు అంచు లేదు, బైండింగు లేదు. ముక్కుకు కట్టిన తాడే పగ్గం.

1970ల ఆరంభంలో కాలిఫోర్నియా సర్ఫర్ మైక్ డాయిల్ రెండు పాదాలూ పక్కపక్కన నిలిపే ఒంటి స్కీని ప్రచారం చేశాడు. అది ఎక్కువకాలం నిలవలేదు. నిలిచింది యూటాలో డిమిత్రియే మిలోవిచ్ చేసిన పని. సర్ఫ్‌బోర్డులు చెక్కే వేన్ స్టోవెకన్ మంచుకోసం చేసిన పలకలను చూసి ఉత్సాహపడిన మిలోవిచ్ వింటర్‌స్టిక్ సంస్థ ద్వారా చేపతోక పలకలు తయారుచేశాడు. అక్కడి వాసాచ్ పర్వతాల్లో కురిసే మంచు పొడిగా, లోతుగా ఉంటుంది. అక్కడ నీటి మీది ఆకారం దాదాపు ఉన్నదున్నట్టే పనికొచ్చింది.

వెర్మాంట్‌లో పరిస్థితి వేరు. ఈశాన్య అమెరికా మంచు గట్టిది, తరచు గడ్డకట్టినది. 1977లో అక్కడ పలకల తయారీ మొదలుపెట్టిన జేక్ బర్టన్ కార్పెంటర్ పాదాల బిగింపు మీద ఎక్కువ దృష్టి పెట్టాడు. 1979లో మిషిగన్‌లో జరిగిన స్నర్ఫర్ పోటీకి ఆయన బైండింగులున్న పలకతో వచ్చేసరికి అభ్యంతరాలు లేచాయి. ఆయన కోసం వేరే విభాగం పెట్టాల్సివచ్చింది. సర్ఫ్ ఆకారం పొడిమంచులో నిలిచింది, బైండింగూ ఉక్కు అంచూ గట్టి మంచులో అవసరమయ్యాయి. ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి నమూనా ఈ రెండు కొండల వారసత్వాల మధ్య ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. పాపెన్, కార్పెంటర్ ఇద్దరూ 2019లోనే మరణించారు.

నిజానికి మంచుమీద పలకపై నిలబడటం అమెరికాలోనే మొదలైందనడం సరికాదు. తుర్కియేలో నల్లసముద్రం వైపు రిజే ప్రాంతపు పెత్రాన్ గ్రామస్థులు చెక్క పలకపై నిలబడి, ముందు తాడు పట్టుకుని, చేతికర్ర ఊతంగా వాలు దిగే సంప్రదాయం తరాల నుంచి ఉంది. దానికీ సర్ఫింగుకూ సంబంధం లేదు.

పోటీల కాలం

1983లో టామ్ సిమ్స్ చొరవతో కాలిఫోర్నియాలోని సోడా స్ప్రింగ్స్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. అదే ఏడు వెర్మాంట్‌లోని స్ట్రాటన్ స్కీ రిసార్టు స్నోబోర్డర్లకు తలుపు తెరిచింది. అప్పటికి చాలా రిసార్టులు వాళ్లను లిఫ్టు దగ్గరకే రానిచ్చేవి కావు. యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ ఆ నిషేధాన్ని ఈ శతాబ్దంలోనూ కొనసాగించాయి. వింటర్‌స్టిక్ పుట్టిన వాసాచ్ కొండల్లోనే ఆల్టా ఉండటం చరిత్ర ఆడిన పరిహాసం.

రిసార్టులు తలుపులు తీశాక సర్ఫింగ్ స్థానాన్ని స్కేట్‌బోర్డింగ్ ఆక్రమించింది. గాల్లో తిరిగి వెనక కాలు ముందుగా దిగాలంటే పలక రెండు కొసలూ ఒకేలా ఉండాలి. 1998 నగానో శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ హాఫ్‌పైప్, జెయింట్ స్లాలమ్ విభాగాలతో ప్రవేశించింది. ఒకదానికి జంటకొసల పలక, రెండోదానికి పొడవాటి గట్టి పలక కావాలి. చేపతోకకు ఆ రెండింట్లోనూ చోటు లేదు.

జపాన్ దారి

సరిగ్గా ఆ 1998లోనే హొక్కైదో దీవిలోని నిసెకోలో తారో తమాయ్ జెంటెమ్‌స్టిక్ సంస్థ స్థాపించాడు. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమ పీల్చుకుని హొక్కైదో కొండల మీద తేలికపాటి మంచుగా కురిపిస్తుంది. నిసెకోలో ఒక్క శీతాకాలంలో మొత్తం 10 మీటర్లకు పైగా మంచు పడటం మామూలే. తమాయ్ పలకలకు గాలిలో విన్యాసాలతో పని లేదు. వాలులోని గుంటలను, గట్లను కెరటాల్లా చదివి, ఒక మలుపులోంచి ఇంకో మలుపులోకి సాగిపోవడమే వాటి లక్ష్యం. స్నోసర్ఫింగ్ అనే పద్ధతి ప్రపంచానికి తెలియడంలో ఈ చిన్న కార్ఖానా పాత్ర పెద్దది.

పెద్ద సంస్థల్లో కార్పెంటర్ స్థాపించిన బర్టన్ 2000ల తొలినాళ్లలో ఫిష్ అనే పలకను తెచ్చింది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్నవాడు మాజీ ప్రపంచ విజేత క్రెయిగ్ కెల్లీ. మూలరూపం అంతకంటే పాతది: 1967లో శాన్‌డియేగోలో స్టీవ్ లిస్ మోకాళ్లపై ఉండి స్వారీ చేయడానికి చెక్కిన పొట్టి, వెడల్పాటి, చీలిన తోక సర్ఫ్‌బోర్డు. 2010ల్లో సర్ఫ్‌బోర్డు శిల్పులే స్నోబోర్డు సంస్థలతో చేతులు కలిపారు. జెరెమీ జోన్స్ సంస్థకు క్రిస్ క్రిస్టెన్సన్, లిబ్ టెక్‌కు లాస్ట్ సర్ఫ్‌బోర్డుల మ్యాట్ బియోలోస్ నమూనాలు ఇచ్చారు. హవాయి పైప్‌లైన్ కెరటం మీద పేరు గడించిన జెర్రీ లోపెజ్ ఒరెగాన్‌లోని మౌంట్ బ్యాచిలర్‌లో మంచును కెరటాల ఆకారంలో పోసి, బిగ్ వేవ్ ఛాలెంజ్ పేరుతో ఉత్సవం నడిపాడు. 2014లో ఐరోపాలో మొదలైన కోరువా షేప్స్ మాత్రం పొడిమంచును వదిలి, యంత్రంతో చదును చేసిన వాలు మీద ఒరిగి మలుపు తిరిగే సరదాను జనంలోకి తెచ్చింది.

రకాలు

చేప ఆకారం. పొట్టిగా, ముక్కు దగ్గర బాగా వెడల్పుగా ఉంటుంది. చెట్ల మధ్య లోతు మంచులో చురుకుగా తిరుగుతుంది. వెనక కాలు ముందుగా దిగితే ఇబ్బందే.

చీలిన తోక. చీలిక వల్ల తోక విస్తీర్ణం తగ్గి మంచులోకి తేలిగ్గా దిగుతుంది, దాంతో ముక్కు పైకి లేస్తుంది. పొడవాటి చీలిన తోకలు వేగంగా నేరుగా దిగే వాలులకు, పొట్టివి చురుకు మలుపులకు.

పొట్టి–వెడల్పు పలకలు. మామూలు కొలతకంటే కొన్ని సెంటీమీటర్లు తగ్గించి, ఆ మేరకు వెడల్పు పెంచినవి. రైడ్ సంస్థ వార్‌పిగ్ వీటిలో బాగా ప్రాచుర్యం పొందింది. సర్ఫ్ ఆకారాలన్నిటిలో రోజువారీ వాడకానికి దగ్గరగా వచ్చినవి ఇవేనని చెప్పవచ్చు. పెద్ద పాదాలవారికి ఇవి వరం, ఎందుకంటే ఒరిగినప్పుడు బూటు వేళ్లు మంచుకు రాసుకోవు. చిన్న పాదాలవారికి అదే వెడల్పు భారం. ఒక అంచు నుంచి రెండో అంచుకు మారడం ఆలస్యమవుతుంది.

బైండింగు లేనివి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో నోబోర్డు పేరుతో, యూటాలో జెరెమీ జెన్సెన్ గ్రాస్‌రూట్స్ సంస్థ ద్వారా పౌడర్‌సర్ఫింగ్ పేరుతో, జపాన్‌లో యుకీ‌ఇతా పేరుతో వేర్వేరుగా ఎదిగాయి. వీటిలో చాలావాటికి ఉక్కు అంచు ఉండదు. అడుగుభాగం పుటాకారంగానో, పొడవునా గాళ్లు తీసినట్టో ఉండి మంచును పట్టి దారి చూపుతుంది. లోతైన మెత్తని మంచు లేకపోతే ఇవి పనికిరావు.

అంచు, అడుగు ప్రయోగాలు. వీటిని ఆకారపరంగా సర్ఫ్ వంశమని ఖచ్చితంగా చెప్పలేం, అయినా అదే కుటుంబంలో ప్రస్తావన వస్తుంది. లిబ్ టెక్ పలకలు చేసే మెర్విన్ సంస్థ రంపపు పళ్లలా కొద్దిగా అలలు తిరిగిన ఉక్కు అంచును మ్యాగ్నీ‌ట్రాక్షన్ పేరుతో తెచ్చింది. గడ్డకట్టిన మంచులో పట్టు పెంచడం దాని ఉద్దేశం. బాటలియాన్ సంస్థ పలకల్లో ముక్కు, తోకల పక్కలు పడవ అడుగులా పైకి లేచి ఉంటాయి.

పనితీరు

సర్ఫర్‌కు శక్తిని కెరటం ఇస్తుంది, స్నోబోర్డర్‌కు వాలు ఇస్తుంది. కెరటం తానే కదులుతూ ఆకారం మార్చుకుంటుంది, కొండ కదలదు. కాబట్టి రెండు క్రీడలూ ఒకటేనన్న మాట సగమే నిజం. ఆ సగం నిజం కూడా ఎక్కువగా పొడిమంచులోనే.

కొత్తగా కురిసిన పొడిమంచు ఘనపు మీటరుకు సుమారు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. సముద్రపు నీరు 1,025 కిలోలు. అంత తేలిక పదార్థం మీద నిలవాలంటే బరువును పరచాలి. దుస్తులు, సామగ్రితో కలిపి 80 కిలోలున్న మనిషి రెండు బూట్ల మీద నిలబడితే ఆ బరువు దాదాపు 0.05 చదరపు మీటర్ల మీద పడుతుంది. పలక మీద నిలబడితే 0.37 చదరపు మీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఒత్తిడి ఏడో వంతుకు పడిపోతుంది. అప్పటికీ నిలబడి ఉంటే పలక కొంత దిగబడుతుంది; వేగం అందుకున్నాకే మంచు కింది నుంచి తోసి పైకి లేపుతుంది. ఇక్కడే ముక్కు ఆకారం అక్కరకొస్తుంది. జంటకొసల పలక మీద ముక్కు మునగకుండా ఉండాలంటే శరీరాన్ని గంటలకొద్దీ వెనక్కి వాల్చాలి; వెనక కాలి తొడ కండరాలు పట్టేస్తాయి. టేపర్, సెట్‌బ్యాక్ ఉన్న పలకలో తోక తనంతట తానే దిగి ముక్కును లేపుతుంది.

పొట్టి–వెడల్పు లెక్క కూడా ఇంతే సూటిది. 158 సెంటీమీటర్ల పొడవు, సగటున 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక విస్తీర్ణం సుమారు 3,950 చదరపు సెంటీమీటర్లు. 150 పొడవు, 26.5 వెడల్పు ఉన్నదానిది 3,975. తేలే గుణం దాదాపు సమానం, తిప్పాల్సిన పొడవు 8 సెంటీమీటర్లు తక్కువ.

గట్టి మంచు మీదికి వచ్చేసరికి విస్తీర్ణానికి విలువ లేదు. అక్కడ మంచును తాకేది ఉక్కు అంచు ఒక్కటే. సైడ్‌కట్ వంపు ఒక పెద్ద వృత్తంలో ముక్క. దాని వ్యాసార్ధం 8 మీటర్లనుకుంటే, పలకను 60 డిగ్రీలు ఒరిగించినప్పుడు మలుపు వ్యాసార్ధం సుమారు 4 మీటర్లకు తగ్గుతుంది. అంచు ఎంత పొడవున మంచును పట్టితే అంత నిలకడ. చీలిన తోక, పొట్టి పొడవు ఆ పట్టును తగ్గిస్తాయి. పొడిమంచులో హాయిగా తేలిన చేప పలక, గడ్డకట్టిన వాలు మీద వేగం పెరిగేకొద్దీ వణకడానికి కారణం అదే.

తెప్ప, తెలుగు తీరపు పోలిక

ఆంధ్ర తీరంలో సహజ రేవులు తక్కువ, ఇసుక ఒడ్డు ఎక్కువ. శ్రీకాకుళం నుంచి కాకినాడ దిగువ దాకా చాలా పల్లెల్లో మత్స్యకారుడు వేటకు వెళ్లాలంటే ముందు ఒడ్డున విరిగే కెరటాల వరస దాటాలి, తిరిగి వచ్చేటప్పుడు ఆ కెరటాల మీదుగానే ఒడ్డుకు చేరాలి. దానికి పుట్టిన పరికరం తెప్ప: తేలిక దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టినది, ముందుకొస పైకి లేచి ఉంటుంది. కెరటం మీద పడితే నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. నిండటానికి లోపలంటూ ఏమీ లేదు, కాబట్టి నిండి మునగదు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టేవారు. తిరుగు ప్రయాణంలో వెనక నుంచి వచ్చే కెరటాన్ని కనిపెట్టి, తెడ్డుతో తెప్పను దానికి లంబంగా నిలిపి, దాని ఊపు మీదే ఒడ్డెక్కడం సర్ఫింగ్‌కు ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే, ఇది బతుకుతెరువు.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యాన మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలైంది. కెరటాలు దాటి నేరుగా ఇసుక మీదికి రాగల ఇంజిను పడవల నమూనాలను ఆ కార్యక్రమం 1980ల్లో తూర్పు తీరంలో ప్రయత్నించింది, ఆంధ్రలో కూడా. అంత బరువున్న పడవను ప్రతిరోజూ ఇసుక మీద లాగడానికి మనుషుల బలం సరిపోవాలి, ఇంజిను ఖర్చుకు తగ్గ వేట దొరకాలి. ఇలాంటి లెక్కల మధ్య కొన్ని నమూనాలు నిలిచాయి, కొన్ని మూలపడ్డాయి.

తెప్ప స్థానాన్ని చివరికి ఆక్రమించింది తెప్పే, ఫైబర్ రూపంలో. మెత్తని దుంగలు దొరకడం కష్టమై, ధర పెరిగేసరికి 1990ల నుంచి ఉత్తరాంధ్రలో ఫైబర్‌గ్లాస్ తెప్పలు వ్యాపించాయి. ఆకారం పాత తెప్పను పోలినదే. మునగకుండా లోపల థర్మకోల్ వంటి తేలిక పదార్థం నింపుతారు, వెనక చిన్న ఇంజిను బిగిస్తారు. తేలిక గుండె మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు అంటే సరిగ్గా సర్ఫ్‌బోర్డు కట్టడమే. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఈ మార్పు ఇంకా వేగం అందుకుంది. కొత్త పదార్థాన్ని జాలరి వెంటనే ఒప్పుకున్నాడు, ఒడ్డుకు నప్పని కొత్త ఆకారాన్ని ఒప్పుకోలేదు. స్నోబోర్డుల చరిత్రలో వాసాచ్, వెర్మాంట్ మధ్య కనబడిన తేడాను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగు పాఠకుడికి దొరకదు.

విశాఖపట్నం దగ్గరి రుషికొండలో ఇప్పుడు వినోదం కోసం సర్ఫింగ్ కూడా జరుగుతోంది.

హైదరాబాదు, ప్రవాస తెలుగువారు

హైదరాబాదులో లాలాపేట, నాచారం, ఉప్పల్ వైపు ఉండే పాఠకుడికి అతి దగ్గరి మంచు లోయర్ ట్యాంక్‌బండ్‌లో, ఇందిరా పార్కు పక్కన ఉంది. దూరం పది కిలోమీటర్లకు అటూ ఇటూ. 2004లో తెరిచిన స్నో వరల్డ్‌లో సున్నాకు అయిదు డిగ్రీల దిగువన కృత్రిమ మంచు ఉంటుంది. జారుడు వాలు పిల్లల సరదాకు సరిపోతుంది, స్నోబోర్డు మలుపు నేర్చుకోవడానికి సరిపోదు. ఆ పక్కనే ఇందిరా పార్కు స్కేటింగ్ రింక్ ఉంది. ఈ క్రీడకు అసలైన ఆరంభ పాఠం హైదరాబాదులో అలాంటి చదును నేల మీదే దొరుకుతుందని అనడం అతిశయోక్తి కాదు. 1996లో కాలిఫోర్నియాలో కార్వర్ సంస్థ తెచ్చిన సర్ఫ్‌స్కేట్ ముందు చక్రాలు ఇరుసు మీద అటూ ఇటూ తిరుగుతాయి. కాలు నేలకు తాకించకుండా నడుము, భుజాల కదలికతోనే వేగం పుట్టించవచ్చు. స్నోసర్ఫింగ్‌కు కావలసింది ఆ కదలికే.

కెరటం కావాలంటే లాలాపేటకు దగ్గరలోని సికింద్రాబాద్ స్టేషన్ నుంచి విశాఖకు దాదాపు 700 కిలోమీటర్ల రైలు ప్రయాణం. మంచు కావాలంటే కశ్మీరులోని గుల్మార్గ్. అక్కడి గండోలా (కేబుల్ కారు) రెండో దశ 3,900 మీటర్లకు పైగా ఎత్తుకు తీసుకెళుతుంది. ఆ అఫర్వాత్ వాలుల పొడిమంచు సర్ఫ్ తరహా పలకలకు భారతదేశంలో తగిన చోటు. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో చదును చేసిన వాలు మీద నేర్చుకోవడం తేలిక.

గల్ఫ్‌లోని తెలుగువారికి దుబాయ్‌లో 2005లో తెరిచిన స్కీ దుబాయ్ ఉంది. దాని పొడవైన వాలు 400 మీటర్లు. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో 2019 డిసెంబరులో మొదలైన బిగ్ స్నో ఏడాది పొడవునా అందుబాటులోకి వచ్చింది. రెండూ పైకప్పు కింది వాలులే, రెండింట్లోనూ మంచు గట్టిగా అణిగి ఉంటుంది. చేపతోక పలకను అక్కడికి తీసుకెళ్లడం నేల విడిచి సాము చేయడమే. సియాటిల్, బెల్‌వ్యూ తెలుగువారి సంగతి వేరు. స్నోక్వాల్మీ కనుమ వాళ్లకు గంట దూరం, కొండ మీది మంచు బరువైనదే అయినా లోతుగా పడుతుంది. మ్యాగ్నీ‌ట్రాక్షన్ పుట్టిన మెర్విన్ సంస్థ కూడా ఆ వాషింగ్టన్ రాష్ట్రానిదే.

వింత పరికరం ప్రయత్నించదగినదేనా

అనుకూల వాదన బలమైనది. కొత్త ఆకారం శరీరానికి కొత్త సమతూకం నేర్పుతుంది. బైండింగు లేని పలక మీద ఒక పూట గడిపినవారికి తమ బరువు ఇంతకాలం పట్టీల మీద ఎంత ఆనిందో తెలుస్తుంది. చిన్న వాలు కూడా పెద్ద సరదా ఇస్తుంది, ఎత్తయిన ప్రమాదకర కొండకు పోవలసిన అవసరం తగ్గుతుంది. వెనక కాలు నొప్పితో మధ్యాహ్నానికే ఆట ఆపేసే నడివయసువారికి టేపర్ ఉన్న పలక నిజమైన ఊరట.

ప్రతికూల వాదనా తేలికైనది కాదు. కొత్త మామూలు పలక అమెరికాలో 400 నుంచి 600 డాలర్ల మధ్య దొరుకుతుంది. జపాన్‌లో చేతితో చేసే పలకలు 1,000 డాలర్లు సులువుగా దాటుతాయి. ఏడాదికి నాలుగు రోజులు కొండకు వెళ్లేవారికి అందులో లోతు మంచు దొరికేది ఏ ఒక్కరోజో. మలుపే సరిగా రానివారు ఆకారం మారిస్తే ఆట మారుతుందనుకుంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

క్రికెట్‌లో ఇలాంటి ముచ్చట ఉప్పల్ స్టేడియం చుట్టుపక్కల వారికి గుర్తుండే ఉంటుంది. 2010 ఐపీఎల్‌లో మాథ్యూ హేడెన్ పొట్టి బ్లేడు, పొడవాటి పిడి ఉన్న మంగూస్ బ్యాటుతో ఢిల్లీలో 43 బంతుల్లో 93 పరుగులు చేశాడు. బ్యాటు పేరు మార్మోగింది. కానీ బంతిని ఆపడానికి చాలినంత చెక్క లేని ఆ బ్యాటు ఎక్కువమంది ఆటగాళ్ల సంచుల్లోకి చేరలేదు. ఒక పని కోసం చెక్కిన పరికరం ఆ పనిలో మెరిసినంత మాత్రాన తక్కిన పనులు చేయదు.

స్నోబోర్డుల్లో దీనికి మధ్యేమార్గం ఉంది. పొట్టి–వెడల్పు పలకలు, కొద్దిపాటి టేపర్ ఉన్న ఏకదిశ పలకలు గట్టి మంచులో పట్టు పూర్తిగా కోల్పోకుండా పొడిమంచులో తేలతాయి. ఒకే పలక కొనగలిగినవారికి ఇవి సరైన ఎంపిక. పూర్తి చేపతోక, చీలిన పొడవు తోక, బైండింగు లేని పలక రెండో పలకగా ఉండదగినవి. వీటిని కొనేముందు రిసార్టు దుకాణంలో ఒకరోజు అద్దెకు తీసుకోవడం, తయారీ సంస్థలు సీజన్‌లో పెట్టే ప్రయోగ శిబిరాల్లో ఎక్కి చూడటం తెలివైన పద్ధతి. మంచు బాగా కురిసిన మరునాడు ప్రయత్నిస్తేనే న్యాయమైన పరీక్ష. గడ్డకట్టిన రోజున ఎక్కి పలకను తిట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

నేర్చుకునే దశలో ఉన్నవారికి మాత్రం సలహా స్పష్టమైనది: మొదట మామూలు వెడల్పు, మెత్తని వంపు ఉన్న పలక మీద రెండు అంచులూ వాడటం రావాలి. ఆ తర్వాతే ఆకారాల సంగతి.

భద్రత, నియమాలు

చాలా రిసార్టులు బైండింగు లేని, ఉక్కు అంచు లేని పలకలను లిఫ్టు ఎక్కనివ్వవు. మనిషి చేతుల్లోంచి జారిన పలక వాలు మీద ఆగకుండా పోయి కింద ఉన్నవారికి తగులుతుందన్నది ప్రధాన కారణం. అందుకే పౌడర్‌సర్ఫర్లు కాలికో నడుముకో పలకను తాడుతో కట్టుకుంటారు, ఎక్కువగా లిఫ్టులు లేని చోట నడిచి ఎక్కి దిగుతారు.

సర్ఫ్ తరహా పలకలు మనిషిని లోతు మంచులోకి లాగుతాయి, అసలు ప్రమాదం అక్కడే. సతతహరిత వృక్షాల మొదళ్ల చుట్టూ కొమ్మల కింద మంచు వదులుగా ఉండి గుంటలు ఏర్పడతాయి. తలకిందులుగా పడినవారు తమంతట తాము బయటపడటం చాలా కష్టం. గస్తీ ఉన్న సరిహద్దు దాటితే హిమపాతాల భయం. ఫిష్ పలక రూపకల్పనలో భాగమైన క్రెయిగ్ కెల్లీ 2003 జనవరి 20న బ్రిటిష్ కొలంబియాలోని రెవెల్‌స్టోక్ సమీపంలో హిమపాతంలో మరణించాడు. ఆ ప్రమాదంలో మొత్తం ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. గుల్మార్గ్‌లో గండోలా పైదశ నుంచి దిగే వాలుల్లోనూ ఈ ముప్పు ఉంది. అక్కడ సరిహద్దు బయటికి వెళ్లేవారు ఆచూకీ తెలిపే ట్రాన్స్‌సీవరు, మంచును గుచ్చి వెతికే కడ్డీ, పార వెంట ఉంచుకోవాలి, వాటిని వాడటం తెలిసిన తోడుతో కలిసే వెళ్లాలి.